ఆంగ్లమునందలి భూతకాలద్వయము

ఆంగ్లభాషయందు గడచినపనిని దెలుపుటకు రెండు రూపములు గలవు. ‘ఐ సా హిమ్’ అనునది యొకటి; ‘ఐ హావ్ సీన్ హిమ్’ అనునది రెండవది. ఆంగ్లవ్యాకర్తలు మొదటిదానిని సింపుల్ పాస్టనియు, రెండవదానిని ప్రెజెంట్ పర్ఫెక్టనియు వ్యవహరింతురు. ఈ వ్యాసమునందు సౌకర్యమునకై మొదటిదానిని శుద్ధభూతమనియు, రెండవదానిని పూర్ణవర్తమానమనియుఁ బేర్కొనుచున్నాను. తెలుఁగున రెంటికిని ‘వానిని జూచితిని’ అను నొక్క వాక్యమే చాలును. మన బాలురకుఁ గలుగు చిక్కంతయు నిక్కడనే పుట్టినది. ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ అని వ్రాసిన బాలుని వాక్యముక్రింద నెఱ్ఱగీఁత పడును. ఏల తప్పని వాఁ డడిగినచోఁ బెక్కుచోట్ల వచ్చెడి సమాధాన మిది: ‘పూర్ణవర్తమానము సమీపభూతము, శుద్ధభూతము దూరభూతము. నిన్నటిది దూరమైనది గావున నక్కడఁ బూర్ణవర్తమానము చెల్లదు.’

ఈ సమాధానము రెండు వాక్యముల ముందైనను నిలువఁజాలదు. ‘నిమిషముక్రిందట వానిని జూచితిని’ అనుటకు నాంగ్లేయుఁడు ‘ఐ సా హిమ్ ఎ మినిట్ అగో’ అని శుద్ధభూతమునే వాడును. నిమిషముకంటె దగ్గఱిది యేమి గలదు? ‘రోమకులు తమ ధర్మశాస్త్రమును మనకు విడిచిరి’ అనుటకు ‘ది రోమన్స్ హావ్ లెఫ్ట్ అస్ దెయిర్ లా’ అని పూర్ణవర్తమానమును వాడవచ్చును. పడమటి రోమకసామ్రాజ్య మంతరించి పదునైదువందల యేండ్లు దాఁటినది. కాఁబట్టి గడియారముతోఁ గొలిచిన సామీప్యదూరములు హద్దు గావు. మఱి హద్దేది? అది భాషలో మొదటినుండియు నున్నదా, నడుమ నేర్పడినదా? సామీప్యవాద మెట్టివారి భాషకు సహజము? ఈ ప్రశ్నలకుఁ జరిత్రమునందే సమాధానము వెదకవలయును.

ప్రాచీనాంగ్లమున, అనఁగా 9వ శతాబ్దియందు నాల్ఫ్రెడురాజు కాలమున వ్రాయఁబడిన గద్యమువంటి దానియందు, ప్రత్యయములచే నేర్పడు కాలములు రెండే: వర్తమానము, భూతము. భవిష్యత్తునకు సైతము ప్రత్యేకరూపము లేదు. నేఁటి ‘హావ్’ అనుదాని నాఁటిరూపము ‘హబ్బన్’. అది కలిగియుండు టను నర్థముగల స్వతంత్రక్రియ. నేఁటి యాంగ్లేయుఁడు ‘ఐ హావ్ కాట్ ది ఫిష్’ అను భావమును నాఁటివాఁడు ‘ఐ హావ్ ది ఫిష్ కాట్’ అను తీరునఁ జెప్పుచుండెను. ‘పట్టఁబడిన చేఁపను నేను గలిగియున్నాను’ అని దాని యర్థము. ఇక్కడ ‘కాట్’ అనునది చేఁపకు విశేషణము. విశేష్యమున కేలింగవచనవిభక్తులో విశేషణమునకు నవియే యను నియమమును మన సంస్కృతవిద్యార్థులు మొదటి పాఠములలోనే నేర్తురు. ప్రాచీనాంగ్లమందును నాతీరుననే యావిశేషణము ద్వితీయావిభక్తిప్రత్యయమును ధరించుచుండెను. అయితే యాకాలమునందే ప్రత్యయము లేని ప్రయోగములు గూడఁ దఱచుగాఁ గానవచ్చును. తరువాతి శతాబ్దులలోఁ బ్రత్యయములు జాఱిపోయినవి. విశేషణము కర్మమును వదలి ‘హావ్’ అనుదాని సరసకుఁ జేరినది.

ఆ చేరికచే నర్థము మాఱెను. పట్టిన చేఁపను గలిగియుండుట సంభవమే. కాని ‘ఐ హావ్ లాస్ట్ ది ఫిష్’ అని చెప్పఁగలిగిన నాఁడు ‘హావ్’ అనునది కలిగియుండుటను దెలుపుట మానినట్లే; పోఁగొట్టుకొన్న చేఁపను గలిగియుండు టెట్లు? అప్పటికి నది సహాయక్రియ యైనది. అయినను బుట్టుకయొక్క గుఱుతు పోలేదు. ‘హావ్’ అను క్రియ వర్తమానరూపమున నుండుటచేత వాక్యమునకు నేఁటితో ముడి తెగలేదు. ఈ రూపమును భూతమని గాక వర్తమానభేదమని యాంగ్లేయులు పిలుచుట కిదియే కారణము. కావుననే నేనును దీనికిఁ బూర్ణవర్తమాన మను పేరే యుంచితిని.

ఇక్కడ నొక్కమాట. లాటినుభాషలోఁ గలిగియుండు టను నర్థముగల ధాతువు ‘హబేయో’. ఆ భాషయొక్క కడపటికాలమునఁ దద్ధాతువుతో నిట్టి నిర్మాణమే యేర్పడి, ఫ్రెంచి మొదలగు భాషలకు సంక్రమించినది. ‘హావ్’, ‘హబేయో’ అను రెండును వినుట కొక్కటివలె నున్నవి గదా యని యొకదానినుండి యొకటి పుట్టిన దనుకొనరాదు. లాటినునందలి కకారమున కాంగ్లమున హకారము వచ్చుట నియతము; శతమునకు వారు ‘కెంటుమ్’ అనఁగా వీరు ‘హండ్రెడ్’ అందురు. ఆ నియమముచే ‘హావ్’ అనునది పట్టుకొను టను నర్థముగల లాటిను ‘కపేరె’ ధాతువునకు జ్ఞాతి, ‘హబేయో’కుఁ గాదు. ధ్వనిసామ్యమాత్రమున వ్యుత్పత్తి కట్టుట యెంత ప్రమాదకరమో నిరుక్తప్రియులకు దీనికంటె మంచి నిదర్శనము దొరకదు.

కలిగియుండు టను క్రియయే లేని భాషలు గూడఁ గలవు. సంస్కృతమున ‘మమ పుస్తక మస్తి’ అందుము. తెలుఁగున ‘నాకుఁ బుస్తక మున్నది’ అందుము. ఇట్టి భాష లీవిషయమున వేఱుదారిఁ ద్రొక్కినవి. ప్రాచీనపారసీకమున దారయవహురాజు తన బెహిస్తూన్ శాసనమునఁ దాను జేసినపనులను జెప్పుచో ‘నాకుఁ జేయఁబడినది’ అను తీరు నిర్మాణమును బ్రయోగించెను. ఫ్రెంచి పండితుఁడు బెన్వెనిస్తు 1952లోఁ బ్రకటించిన వ్యాసమున, దీనిని గర్మణిప్రయోగముగాఁ గాక ‘నాకుఁ గలదు’ అను స్వామ్యార్థమునఁ దీసికొనవలయునని వాదించెను. అట్లైనచో ఆంగ్లేయుని ‘హావ్’ వాక్యమునకును, బారసీకుని వాక్యమునకును భావ మొక్కటే, త్రోవలు రెండు. తెలుఁగున కీవిషయముతోఁ గల సంబంధమును ముందు చెప్పెదను.

ఆంగ్లమునందుఁ గూడ నన్నిక్రియలును ‘హావ్’ను జేర్చుకొనలేదు. వచ్చు, పోవు, లేచు, పడు మొదలగు నకర్మకక్రియలకుఁ గర్మము లేదు గావునఁ గలిగియుండుటకు వస్తువు లేదు. ఇట్టివాని కస్త్యర్థకధాతువు చేరుచుండెను. ‘హి ఈజ్ కమ్’ అని యుండెను గాని ‘హి హాజ్ కమ్’ అని తఱచుగా నుండలేదు. 1611లో వెలసిన బైబిలు భాషాంతరమున నిట్టి ప్రయోగములు విరివిగాఁ గలవు. 1817లో మృతినొందిన జేన్ ఆస్టెన్ నవలలలోఁ గూడ నవి వింతగావు. 19వ శతాబ్దిలో ‘హావ్’ తక్కినవానిని గూడ నాక్రమించి, ‘హి ఈజ్ గాన్’ వంటి యొకటి రెండు పలుకుబడులను మాత్రము మిగిల్చినది.

రూప మేర్పడినంతమాత్రమున హద్దేర్పడలేదు. 14వ శతాబ్దికవి యగు చాసరు కథలను జెప్పుచో శుద్ధభూతముల నడుమఁ బూర్ణవర్తమానమును నిస్సంకోచముగాఁ జేర్చును. అచ్చటఁ గొన్నియెడల ఛందస్సు తప్ప వేఱు కారణము గానరాదు. షేక్‌స్పియరు నాటకములలో గంటక్రిందట నను కాలవాచకముతోడనే పూర్ణవర్తమానము గలదు. నేఁటి బాలుఁ డావాక్యమునే వ్రాసినచో దండ్యుఁడు! ఎఱ్ఱగీఁత పడుచున్న ‘నిన్న’ వాక్యమునకు మన బాలుఁ డెఱుఁగని ప్రాచీనసాక్ష్య మున్నదన్నమాట. దీనిచే నావాక్యము నేఁడు సాధువని నేను జెప్పుటలేదు. ఆ నియమ మనాదిసిద్ధము గాదని మాత్రము తెలియవలయును.

ఇప్పుడు కొంచెము దూరముగాఁ బోయి ఫ్రాన్సుదేశమును జూతము. సామీప్యవాదమున కత్యంతస్పష్టమైన రూప మచ్చటనే కానవచ్చును. ఫ్రెంచిభాషలోను శుద్ధభూతము, ‘హావ్’ వంటి క్రియతోఁ గూడిన పూర్ణరూపము నని రెండు గలవు. 16, 17 శతాబ్దుల ఫ్రెంచి వ్యాకర్తలు వీనిని బంచుటకు నొక విచిత్రనియమమును జెప్పిరి. జరిగినపనికిని జెప్పుకాలమునకును నడుమ నొక రాత్రి గడచియున్నచో శుద్ధభూతము, గడవనిచోఁ బూర్ణరూపము. దీనికే యిరువదినాలుగు గంటల నియమమని పేరు. 1660లో నార్నో, లాన్స్‌లో అను నిరువురు ప్రకటించిన పోర్ట్ రాయల్ వ్యాకరణమున నీభేదము చెప్పఁబడినది. ఈ నియమము పుస్తకములలో మాత్ర ముండినదిగాదు. 1637లోఁ గార్నేయి కవి యొక్క ‘ల సిద్’ నాటకము ప్రదర్శింపఁబడి గొప్ప వివాదమునకుఁ గారణమైనది. ఫ్రెంచి అకాడమీ పండితులు దానిని విమర్శించుచు, ఒక పాత్రము తాను గొంచెము సేపటిక్రిందటఁ జేసిన యవమానమును శుద్ధభూతమునఁ జెప్పుటను దప్పుపట్టిరి. నడుమ రాత్రి గడవలేదు గావునఁ బూర్ణరూపమే యుండవలసినదని వారి తీర్పు. కార్నేయి పిదప నాపాదములనే మార్చివైచెను. ఒక విభక్తి దోషమునకు మహాకవిని నిలఁదీయు లాక్షణికులు మనదేశమునందే యున్నారని తలఁచువా రీకథను జ్ఞప్తియం దుంచుకొనవలయును.

ఈ నియమమును విన్నతోడనే పాణినీయము నెఱిఁగినవారికిఁ బరిచితధ్వని వినవచ్చును. అనద్యతనభూతమున లఙ్, పరోక్షమగు ననద్యతనభూతమున లిట్, భూతసామాన్యమున లుఙ్. ఇందు లఙ్ లిట్టులు పోఁగా మిగిలినది గావున నద్యతనభూతము లుఙ్ యొక్క ముఖ్యవిషయ మగుచున్నది. అద్యతనమనఁగా నెంతకాలము? న్యాయ్యమైన లేచువేళనుండి న్యాయ్యమైన పరుండువేళవఱకని కొందఱును, గడచిన యర్ధరాత్రమునుండి రాఁబోవు నర్ధరాత్రమువఱకని కొందఱును జెప్పిరని కాశికావృత్తి తెలుపుచున్నది. పాణిని మాత్రము, ఇట్టి కాలపరిభాషలను వ్యాకరణము నేర్పనక్కఱలేదు, లోకమే వానికిఁ బ్రమాణమని త్రోసిపుచ్చెను. ఆ ఫ్రెంచి పండితులకుఁ బాణిని పేరైనఁ దెలియదు. అయినను ‘నేఁడు’, ‘నేఁడు గానిది’ అను విభాగమును రెండుదేశములవారు వేర్వేఱుగాఁ గనుఁగొనిరి.

సామ్య మింతతోఁ బోలేదు. అమెరికా పండితుఁడు విట్నీ 1879లోఁ బ్రకటించిన సంస్కృతవ్యాకరణమున, వైదికభాషయందలి లుఙ్ సాధారణముగా నాంగ్లమున ‘హావ్’ చేర్చి చెప్పవలసిన యర్థముగలదని వ్రాసెను. కాని పాశ్చాత్యులు పర్ఫెక్టని పేరుపెట్టినది లిట్టునకు! రూపమును జూచి పెట్టిన పేరొకదానికి, అర్థము వేఱొకదానికిఁ జెందినది. ఫ్రెంచివారిలోను నిట్టి తాఱుమాఱే జరిగినది. పోర్ట్ రాయల్ వారు పూర్ణరూపమును నిశ్చితమనియు, శుద్ధభూతము ననిశ్చితమనియుఁ బిలువఁగా, తరువాతివా రాపేళ్ళను దలక్రిందులు చేసిరి. ఆ మాటల నర్థమునుబట్టి చదువువాఁడు మోసపోవును. కాలసంజ్ఞలన్నియు నించుమించుగా నిట్టివే.

లౌకికసంస్కృతమునఁ గవులు లఙ్ లిట్ లుఙ్ ల భేదమును బాటింపక యిచ్ఛానుసారముగా వాడిరి. తుదకు నిష్ఠాంతము లన్నిటిని మించినవి. ఫ్రెంచి వాడుకభాషలోఁ బూర్ణరూపమే మిగిలి, శుద్ధభూతము గ్రంథములకుఁ బరిమితమైనది. దక్షిణజర్మనీ వ్యవహారమునఁ గూడ నిట్లే జరిగినది. ఒక్క యాంగ్లమే రెంటిని నిలుపుకొని, వాని నడుమ హద్దును మఱింత బిగించినది. ఇది విశేషింపఁదగిన విషయము.

హద్దును గుర్తించుట యాంగ్లవ్యాకర్తలకు సులభము గాకపోయెను; కారణము లాటిను. లాటినున ‘స్క్రిప్సి’ యను నొక్కరూపమే ‘వ్రాసితిని’ అను రెండర్థములను జెప్పును. 16వ శతాబ్దిలో రాజాజ్ఞచే నింగ్లండు పాఠశాలలందు వ్యాపించిన లిలీ వ్యాకరణము ‘హావ్’ రూపమును లాటిను పర్ఫెక్టుతోను, ‘ఐ లవ్డ్’ అను శుద్ధభూతమును లాటిను ఇంపర్ఫెక్టుతోను గూర్చినది. ఇంపర్ఫెక్టనఁగా నపూర్ణము. ‘ఐ సా హిమ్’ అనుదానియం దపూర్ణత యేమియు లేదు. ఐనను బేరు మాత్రము రెండువందల యేండ్లకుఁ బైగా నంటుకొని యుండెను. 1586లో బుల్లోకర్ వ్రాసిన మొదటి యాంగ్లవ్యాకరణ మీత్రోవనే నడచినది. 1653లో వాలిస్ అను ఆక్స్‌ఫర్డు గణితాచార్యుఁడు లాటినుభాషలోనే యాంగ్లవ్యాకరణమును రచించుచు, ఆంగ్లమునకు స్వతస్సిద్ధమైన కాలములు రెండే, తక్కినవి సహాయక్రియలచే నేర్పడునవి యని ధైర్యముగాఁ జెప్పెను. పెత్తనము లాటినుదైన కాలమున నిది సామాన్యమైన మాట గాదు. 1762లో లౌత్ తన వ్యాకరణమును బ్రకటించెను. అతని దృష్టి యెక్కువగా రూపదోషములపైఁ బడినది. ‘హావ్ రిటెన్’ అనవలసినచోట ‘హావ్ రోట్’ అని ప్రసిద్ధకవులు సైతము వ్రాయుచుండిరని యతఁడు దప్పులు చూపించెను.

అర్థభేదమును బాఠశాలలకుఁ జేర్చినవాఁడు లిండ్లీ మర్రే. ఇతఁడు 1745లో నమెరికాలో జన్మించి, పిదప నింగ్లండుఁ జేరి యార్కునగరసమీపమున నివసించెను. అచ్చటి బాలికాపాఠశాలకై 1795లో వ్యాకరణమును రచింపఁగా, అది లెక్కకు మిక్కిలి ముద్రణములను బొందినది. ఇతఁడును శుద్ధభూతమున కింపర్ఫెక్టను పాఁతపేరే యుంచెను. కాని లక్షణమును మాత్రము చక్కఁగాఁ బట్టెను. పని జరిగిన కాలభాగములోఁ గొంత యింకను మిగిలియున్నచోఁ బూర్ణవర్తమానము. ఆ భాగమంతయు గతించినచో శుద్ధభూతము. నేఁడు, ఈ సంవత్సరము, ఈ శతాబ్ది యనువాని కింకను శేషము గలదు. నిన్న యనుదానికి లేదు. కావుననే ‘నిన్న’తోఁ బూర్ణవర్తమానము చేరదు.

పాఠకులు గమనింతురుగాక. ఇది యద్యతనానద్యతనవిభాగమే! కాని యిందలి ‘నేఁడు’ అర్ధరాత్రముతో ముగిసెడి నేఁడు గాదు. వక్త తన నిలుచున్న క్షణమును జేర్చుకొని యెంతకాలము నొక్కటిగా భావించునో యంతయు నతనికి ‘నేఁడు’. గంట కావచ్చును, జీవితము కావచ్చును, యుగము కావచ్చును. ఫ్రెంచివారు నేఁటిని రాత్రితోఁ గొలిచిరి. ఆంగ్లేయులు దానిని వక్తృవివక్షకు విడిచిరి. ‘నిమిషముక్రిందట’ అన్నపుడు వక్త యానిమిషమును దననుండి వేఱుచేసి చూపుచున్నాఁడు గావున నది యనద్యతనము. రోమకుల ధర్మశాస్త్రమును జెప్పునపుడు నేఁటివఱకు వచ్చిన నాగరకతనంతను నొక్క దినముగాఁ దలఁచుచున్నాఁడు గావున నది యద్యతనము. సామీప్యవాదము తప్పగుట కిదియే హేతువు. అది దినమును గడియారమునకుఁ గట్టివైచినది.

మర్రే చూపిన యుదాహరణములలో నొకటి చర్చింపఁదగినది. సిసెరో యుపన్యాసములను జెప్పునపుడు పూర్ణవర్తమానము చెల్లును, అతని కవిత్వమును జెప్పునపుడు చెల్లదు. ఉపన్యాసములు నిలిచియున్నవి, కవిత్వము నశించినది గావున నని యతని మాట. సిసెరో పద్యములు కొన్ని ముక్కలైనను మిగిలియున్నవి గాని, యది యట్లుండనిండు. మన శ్రీనాథుని దీసికొందము. శృంగారనైషధము మనకుఁ గలదు; మరుత్తరాట్చరిత్రమును శాలివాహనసప్తశతియు లభింపలేదు. మర్రే ప్రకారము నైషధమునకుఁ బూర్ణవర్తమానమును, దక్కిన రెంటికి శుద్ధభూతమును వాడవలయును. ఇది సగము నిజము. ‘తెలుఁగువారికి నైషధము నొసఁగినాఁడు’ అని సాహిత్యసంపదను లెక్కించునపుడు పూర్ణవర్తమానము తగును. ‘కొండవీట నుండఁగా నైషధమును రచించెను’ అని యతని చరిత్రమును జెప్పునపుడు, గ్రంథము మనచేతిలో నున్నను, శుద్ధభూతమే కావలయును. కాఁబట్టి నిర్ణయించునది గ్రంథముయొక్క యునికి గాదు. వాక్యము దేనిని గుఱించినదో యది. దొరకిన కావ్యము, దొరకని కావ్యము నను భేదము సాహిత్యచరిత్రకారులకు ముఖ్యమైనది గావున, మన కవులను గుఱించి యాంగ్లమున వ్రాయువారు దీనిని నిర్లక్ష్యము సేయరాదు. పూర్ణవర్తమానమున వ్రాసిన వాక్యమును జదివి, ఆ గ్రంథము లభ్యమని పరదేశి భ్రమింపవచ్చును.

తరువాతి శాస్త్రజ్ఞులు దీనికి మెఱుఁగుపెట్టిరి. డేనిష్ పండితుఁడు యెస్పెర్‌సన్ 1924లో, పర్ఫెక్టు స్వయముగా నొకవిధమైన వర్తమానమే యనెను. రైఖెన్‌బాఖ్ అను తార్కికుఁడు 1947లో మూఁడు బిందువులను గల్పించెను: మాటలాడు కాలము, పని జరిగిన కాలము, దేనినుండి పనిని జూచుచున్నామో యా దృష్టికాలము. రెండు రూపములలోను బని మాటకుఁ బూర్వమే. శుద్ధభూతమున దృష్టి పనియొద్దకుఁ బోయి నిలుచును. పూర్ణవర్తమానమున దృష్టి మాటలాడువానియొద్దనే యుండి వెనుకకుఁ జూచును. వార్తాపత్రికలలో దీనిని నిత్యము చూడవచ్చును. ‘మంత్రి రాజీనామా యిచ్చినాఁడు’ అను మొదటివాక్యమునఁ బూర్ణవర్తమానము. ‘నిన్నరాత్రి పత్రము నందఁజేసెను, కారణములు చెప్పలేదు’ అని వివరముల లోనికి దిగఁగానే శుద్ధభూతము. సంఘటనము మాఱలేదు, దృష్టి మాఱినది.

ఇఁక మన పాఠశాలలసంగతి. చిన్నయసూరి 1858లోఁ బ్రకటించిన బాలవ్యాకరణమున భూత వర్తమాన భవిష్యత్తులును దద్ధర్మమును గలవుగాని, భూతమున నిట్టి విభాగము లేదు. భాషకు దాని యవసరము లేకపోయెను. ‘ఇప్పుడే వచ్చెను’, ‘నిన్న వచ్చెను’ అని యొక్కరూపమే రెండుచోట్ల నొదుగును. వ్యతిరేకమున నీయేకత్వము మఱింత స్పష్టము: ‘నిన్న చూడలేదు’, ‘ఇంతవఱకుఁ జూడలేదు’. ఆంగ్లము నేర్పుటకుఁ బట్టికలు వ్రాయువా రాఖాళీని నింపుటకై ‘చేసితిని’ అనుట శుద్ధభూతమనియు, ‘చేసియున్నాను’ అనుట పూర్ణవర్తమానమనియుఁ గూర్చిరి. ‘హావ్’కు ‘ఉన్నాను’ అని మాటకు మాట సరిపోయినట్లు తోఁచును. నిజమున కది సరిపోలేదు.

‘ఆతఁడు కాశికి వెళ్ళియున్నాఁడు’ అన్నచో నతఁ డిప్పుడు కాశియందే యున్నాఁడని తెలుఁగువానికి స్ఫురించును. క్త్వార్థకమునకుఁ బైని ‘ఉండు’ ధాతువు తన యునికియర్థమును విడువలేదు. కాశికిఁ బోయి తిరిగివచ్చినవానిని ‘వెళ్ళివచ్చినాఁడు’ అందుముగాని ‘వెళ్ళియున్నాఁడు’ అనము. ఆంగ్లమున నీరెంటికిని, ‘హాజ్ గాన్’, ‘హాజ్ బీన్’ అని, పూర్ణవర్తమానమే వచ్చును. ‘నా జీవితమున మూఁడుమాఱు లేనుఁగును జూచితిని’ అనుచోటఁ బూర్ణవర్తమానము తప్పదు; తెలుఁగున ‘మూఁడుమాఱులు చూచియున్నాను’ అనుట భాషాంతరపు వాసనగొట్టును. మన ‘వచ్చియున్నాఁడు’ అనుదానికి నిజమైన జోడు ‘హాజ్ కమ్’ గాదు. 19వ శతాబ్దిలో వెనుకఁబడిన ‘ఈజ్ కమ్’. రెంటియందును అస్త్యర్థకమే సహాయక్రియ, రెంటియందును గర్త యిక్కడ నున్నాఁడను నర్థమే ప్రధానము. పట్టికను వ్రాసినవారు గాలవశమున నంతరించిన రూపమునకుఁ దగిన తెలుఁగును, జీవించియున్న రూపమునకు నంటఁగట్టిరి. బాలునికి ‘ఉన్నాను’ అను మాటకంటె ‘నీవు చెప్పు కాలమింకను ముగియలేదా?’ అను ప్రశ్న యుపకరించును; ఉపాధ్యాయుఁ డద్యతనమును వివరించినచో నింకను మేలు, సంస్కృతము చదువువానికి మఱియును.

దేశదేశముల యాంగ్లమున నీహద్దు నేఁడును గదలుచునే యున్నది. ఇప్పుడే, ఇంతకు మునుపే యను నర్థములుగల మాటలతో నింగ్లండువారు పూర్ణవర్తమానమును వాడఁగా, అమెరికావారు శుద్ధభూతమును గూడ ధారాళముగా వాడుదురు. ఆస్ట్రేలియా వ్యవహారమునఁ గథ చెప్పుచోఁ బూర్ణవర్తమానము ప్రవేశించుట పరిశోధకులు గుర్తించిరి. భారతదేశపు టాంగ్లమున ‘నిన్న’తోఁ బూర్ణవర్తమానము చేరుట సుప్రసిద్ధమే.

వీనియం దన్నిటికంటె మనకు ముఖ్యమైనది ఐర్లండువారిది. వారి ప్రాచీనభాషలో, మనకువలెనే, ‘హావ్’కు సమానమైన క్రియ లేదు, వస్తువు నాయొద్ద నున్నదన్నట్లే చెప్పుదురు. వారాంగ్లమును నేర్చికొన్నపుడు తమ భాషాసంప్రదాయమును వెంటఁ దెచ్చి, ‘ఐ యామ్ ఆఫ్టర్ సీయింగ్ హిమ్’ అనుట కలవాటుపడిరి. క్రొత్తగా విన్నవానికి ‘వానిని జూడఁబోవుచున్నాను’ అని తోఁపవచ్చును. అర్థము మాత్రము ‘ఇప్పుడే చూచితిని’ అని. మాటలను విడఁదీసినచో ‘చూచిన పిమ్మట నున్నాను’ అని తేలును. మన ‘చూచి యున్నాను’ అనుదానికి నిర్మాణమున దీనితోఁ గల పోలిక ‘ఐ హావ్ సీన్’ అనుదానితో లేదు.